చూపునకు మర్యాద

ఇంద్రియములన్నింటిలో కన్ను ప్రధానమని పెద్దలు చెప్పుదురు. నాలుక రుచి చూచిన పదార్థము తరిగిపోవును. చేయి పట్టిన పూవు వాడిపోవును. కన్ను మాత్రము ఎంత చూచినను చూడబడిన వస్తువునకు లోటు రాదని మన నమ్మకము. కోటిమంది చూచినంత మాత్రమున వెన్నెల తరుగదు గదా! కావుననే ఇతరుల సొత్తును ముట్టుట తప్పు గాని చూచుట తప్పు కాదను వాడుక లోకములో ఏర్పడినది. "చూచినంతలో ఏమి పోయినది?" అను మాట మనమందరము అన్నదే, విన్నదే.

ఈ నమ్మకము ఎంతవరకు నిజమో విచారింపవలసిన కాలము వచ్చినది. ఏలనన, చూడబోవుటవలననే చెడునట్టి అందములు కొన్ని లోకమున కలవు. అట్టి అందమును చూడగోరుట న్యాయమేనా? చూడకుండుట ధర్మమైనచో, ఆ అందము ఎవరికొరకున్నట్లు? అండమాను దీవులలో ఒక దినము పడవ ప్రయాణము చేసి వచ్చిన నాటినుండి ఈ ప్రశ్న మమ్ము విడువలేదు. మాకు తోచిన ఆలోచనలను ఈ సంచిక చదువు మన కుటుంబములవారి యెదుట ఉంచుచున్నాము.

అండమాను దీవులు మనవారికి బొత్తిగా పరాయివి కావు. విశాఖపట్టణమునుండియు, చెన్నైనుండియు, కోల్‌కతానుండియు అచ్చటికి ఓడలు నడచును. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయరు అంగడివీధిలో నడచునప్పుడు శ్రీకాకుళపు యాస చెవిని పడుటలో వింత లేదు. ఆ పట్టణమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున వండూరు అను పల్లె కలదు. ఆ చెంతనున్న 15 దీవులను, వాని నడుమనున్న సముద్రమును చేర్చి, 281 చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రదేశమును 1983లో మహాత్మాగాంధి సముద్ర జాతీయోద్యానముగా ఏర్పరచిరి. యాత్రికులు పోదగినవి వానిలో ముఖ్యముగా రెండే: జాలీబాయి, రెడ్‌స్కిన్. సాధారణముగా నవంబరు మొదలు మే వరకు మొదటి దానికి, తక్కిన నెలలలో రెండవ దానికి పడవలు నడచును. ఒకటి తెరచియున్నప్పుడు మరియొకటి మూయబడియుండును.

పడవ యెక్కుటకు ముందే అధికారులు సంచులు విప్పి చూచుదురు. ప్లాస్టిక్ సంచులు, పొట్లములు వెంట తీసికొనిపోరాదు. దీవిలో అంగడి లేదు, వసతిగృహము లేదు, నివసించువారు లేరు. ఉదయము పోయినవారు మధ్యాహ్నమునకు మరలవలయును. పడవరేవు చెంతనే మొసళ్ళను గూర్చిన హెచ్చరిక పలకలు కూడ కలవు. ఈ నిబంధనలన్నియు కొందరికి కష్టముగా తోచును. మాకు మాత్రము, గుడిలోనికి పోవునప్పుడు వాకిట చెప్పులు విడుచుట జ్ఞప్తికి వచ్చినది. చెప్పులు విడుచుట కాళ్ళకు కష్టమే. కాని లోపలనున్నది మన ఇల్లు కాదని తెలిసికొనుటకు అదియే మొదటి పాఠము.

అచ్చట చూడవలసినది పగడపు దిబ్బలు. పగడము మన ఇండ్లకు క్రొత్త కాదు. ముత్యముతో జతచేసి పేర్కొందుము. నల్లపూసల నడుమ గ్రుచ్చుకొందుము. కుజగ్రహమునకు శాంతిగా ఉంగరములో పొదిగించుకొందుము. నవరత్నములలో చేరినందున అది రాయి యనియే మనలో పెక్కుమంది తలంపు. అది రాయి కాదు. నగలలోని ఎర్రపగడము మధ్యధరా సముద్రము మొదలగు చోట్ల దొరకు ఒక జాతి. అండమానులో దిబ్బలు కట్టునవి దాని జ్ఞాతులు. రెండును ప్రాణులే. దిబ్బలు కట్టు పురుగులలో కొన్ని బియ్యపుగింజకంటె పెద్దవి కావు. సముద్రజలమునుండి సున్నమును గ్రహించి, తమచుట్టును గూడు కట్టుకొని, ఒకదానిమీద ఒకటిగా తరతరములు నివసించును. తండ్రి గూటిమీద కొడుకు గూడు, దానిమీద మనుమని గూడు. గుండ్రని బండలవలె పెరుగు జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు ఎదిగిన చాల గొప్ప. అనగా మనిషి నిలువెత్తు దిబ్బ నూటయేబది సంవత్సరములకు పైబడిన కాపురము.

ఈ కాపురములో ఇంకొక విశేషము కలదు. ఆ పురుగు శరీరములోనే కంటికి కానరాని నాచు నివసించును. పురుగు దానికి నీడ నిచ్చును. నాచు సూర్యరశ్మితో ఆహారము వండి, అందులో అధికభాగమును ఇంటియజమానికి పెట్టును. పగడమునకు రంగులలో ఎక్కువపాలు ఆ నాచుదే. రెండును వేరు జాతులు. ఒకటి జంతువు, ఒకటి మొక్కవంటిది. అయినను ఆ నాచును విడిచి దిబ్బలు కట్టు పురుగు చిరకాలము బ్రతుకజాలదు. సముద్రపు అడుగున నూటికి ఒక పాలు కూడ ఆక్రమింపని ఈ దిబ్బలను ఆశ్రయించి, సముద్రజీవజాతులలో సుమారు నాల్గవవంతు బ్రతుకుచున్నవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఈ దిబ్బలను చూచుటకు రెండు మార్గములు. అడుగున అద్దము బిగించిన పడవలో కూర్చుండి చూచుట ఒకటి. ముఖమునకు అద్దము కట్టుకొని, నోట వంకరగొట్టము కరచుకొని, నీటిపై బోరగిల పడి తేలుచు చూచుట రెండవది. ఈ గొట్టమునే స్నార్కెల్ అందురు. ఈత రానివారికి తేలుడు చొక్కా తొడిగి, పడవవాడు చేయిపట్టి నడిపించును. మావంటి అరువదేండ్లు దాటినవారికి కూడ అది సాధ్యమే. మొదటి రెండు మూడు నిమిషములు గుండె దడదడలాడును. ముక్కుతో ఊపిరి పీల్చు అలవాటు ఒక్కసారిగా మానవలయును గదా! పిమ్మట ఊపిరి సర్దుకొనును; క్రిందనున్న లోకము కానవచ్చును.

అచ్చట చూచినదానిని వర్ణించుటకు మాకు కవిత్వము చేతకాదు. కొమ్మలవంటివి, గొడుగులవంటివి, మనుష్యుని మెదడువంటివి ఎన్నియో ఆకారములు. చిలుకముక్కువంటి నోటితో చేపలు ఆ దిబ్బలను గీకుచుండగా ఆ చప్పుడు నీటిలో చెవులకు వినబడును. అవి మ్రింగిన సున్నమే పొడియై వెలువడి, దీవి చుట్టునున్న తెల్లని ఇసుకలో కొంతభాగమగునట. విషపు ముండ్లవంటి వ్రేళ్ళు గల ఒక జీవి నడుమ చిన్న నారింజరంగు చేప నిర్భయముగా కాపురముండును. వీనిలో ఏదియు మాకొరకు ఆగలేదు, మమ్ము చూచి సంతోషింపలేదు. నోట గొట్టముండుటచే మాటలాడుటకు వీలు లేదు. "ఆహా" యనుటకు కూడ తావు లేని చోట మనుష్యుడు ఎంత చిన్నవాడో తెలియును.

మమ్ము నడిపించిన పడవవాడు మా మాట విని తెలుగుననే పలుకరించెను. ఆతని తాతలది శ్రీకాకుళము చెంత నొక పల్లెయట. పూరీ తీరమున యాత్రికులను చేయిపట్టి అలలలో స్నానము చేయించు నోలియాలు కూడ అట్టివారే గదా. తెలుగు పల్లెకారుల చేయి ఎన్ని తీరములలో ఎందరిని పట్టి నడిపించుచున్నదో! నీటిలో దిగకముందు ఆతడు చెప్పిన మొదటి మాట ఇది: "బాబూ, కాళ్ళు కిందెట్టకండి. అది రాయి కాదు, పేణముంది." పెద్ద గ్రంథములు చదివి మేము తెలిసికొనవలసినదానిని ఆతడు ఒక్క మాటలో చెప్పెను.

మా పడవలోని యాత్రికుడొకడు ఇంటికి గుర్తుగా చిన్న పగడపు ముక్క తెచ్చి ఇమ్మని, డబ్బిత్తునని ఆతని నడిగెను. దిబ్బలు కట్టు పగడములు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడినవి. ఒడ్డునపడిన ముక్కనైనను తీసికొనిపోరాదు. పడవవాడు చట్టము పేరెత్తలేదు. "రోజూ ఇంతమందిమొస్తాం బాబూ. తలో ముక్కా అట్టుకుపోతే రేపు మా పిల్లలకి చూపించడానికేటుంటాది?" అనెను. అడిగినవాడు దుష్టుడు కాడు. ఆతనికి కనబడినది ఒక ముక్క. పడవవానికి కనబడినది మొత్తము దిబ్బ. నీతికిని అవినీతికిని నడుమ తేడా పెక్కు సందర్భములలో ఇంతియే యని మాకు తోచును. ఒక్కని కోరికను ఒక్కటిగా చూచిన అది నిర్దోషముగానే యుండును. అందరి కోరికలతో కలిపి చూచినప్పుడే దాని బరువు తెలియును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. చూపువలన నష్టము లేదనుట నిజమే. కాని చూపు ఒంటరిగా ప్రయాణము చేయదు. కంటిని మోయుటకు శరీరము కావలయును. శరీరమును మోయుటకు పడవ, పడవకు లంగరు, యంత్రమునకు నూనె. ఆ శరీరమునకు ఎండ తగులకుండ పూత. త్రాగుటకు సీసా, తినుటకు పొట్లము. కాలు ఆనిన చోట నూరేండ్ల గూడు విరుగును. ఎండపూతలలోని కొన్ని పదార్థములు పగడములకు హాని చేయునని హవాయి రాష్ట్రము 2018లో చట్టము చేసి, 2021 మొదలు అట్టివాని అమ్మకమును నిషేధించినది. కన్ను నిర్దోషియే; దాని వెంట వచ్చిన పరివారమే దోషి. రాజు మంచివాడైనను ఆతని దండు నడచిన దారిలో పైరు మిగులదు.

దీనికి కొందరొక ఆక్షేపణ చెప్పుదురు. 2004 డిసెంబరు 26 నాటి మహాభూకంపములో ఉత్తర అండమాను ప్రాంతమున భూమి పైకి లేచి, మైళ్ళకొలది పగడపు దిబ్బలు నీరు విడిచి బయటపడి ఎండి చచ్చినవి. దక్షిణమున భూమి క్రుంగినది. ప్రకృతియే ఒక్క క్షణములో ఇంత నాశనము చేయుచుండగా, ఒక యాత్రికుని కాలు ఎంత? అందురు. వినుటకు ఈ వాదము బలముగానే యుండును. కాని దీనిని మన ఇంటిలో ప్రయోగించి చూతము. మృత్యువు అందరిని ఏదో ఒకనాడు తీసికొనిపోవునని హత్యకు దోషము లేదందుమా? తుపానులో ఇండ్లు కూలునని పొరుగువాని గోడ పడగొట్టవచ్చునా? భూకంపమునకు విచక్షణ లేదు, మనకున్నది. విచక్షణ ఉన్నవానికే ధర్మాధర్మములు. లేనిదానితో పోల్చుకొని తప్పించుకొనుట మానవత్వమును వదలుకొనుటయే యగును.

అట్లయిన అసలు పోకుండుటయే మేలు గదా యని రెండవ ఆక్షేపణ. సన్న్యాసులకు ఇది తగియుండవచ్చును. గృహస్థులమగు మనకు ఇందులో రెండు చిక్కులు కనబడుచున్నవి. మొదటిది, ఎవరును చూడనిదానిని ఎవరు రక్షింతురు? చూచినవాడే "అయ్యో" యనును. పగడము రాయి యనుకొనువాడు దానికొరకు ఏల చింతించును? రెండవది, ఆ పడవవాని కూడు. తాతలు వేటకు పోయిన సముద్రములో మనుమడు యాత్రికులను త్రిప్పి బ్రతుకుచున్నాడు. మనము పోకున్న ఆతని పొయ్యి వెలుగదు. మితిమీరి పోయిన దిబ్బ చచ్చును, ఆ పిమ్మట కూడ ఆతని పొయ్యి వెలుగదు. కావున ప్రశ్న పోవుటయా మానుటయా అని కాదు. ఎందరు, ఎప్పుడు, ఎట్లు అని.

ఎందరు అనుదానిని నిర్ణయించుటకు లోకమున సులభమైన ఉపాయమొకటి కలదు. వెల పెంచుట. వెల పెంచినచో వచ్చువారు తగ్గుదురు, దిబ్బలు మిగులును. కాని అప్పుడు అందము ధనవంతుల సొత్తగును. సామాన్య సంసారి జన్మలో ఒక్కసారి చూడగోరిన దానిని, ధనవంతుడు ఏటేట చూచును. ఇది న్యాయము కాదు. దీనికంటె, ఒక దీవిని తెరచి మరియొక దీవిని మూయు పద్ధతి మాకు ధర్మసమ్మతముగా తోచినది. అందు నిరాకరణ అందరికిని సమానము. మూసియున్న దీవికి ధనికునికి దారి లేదు, పేదకును లేదు.

ఈ మూయుట యను భావము మనకు క్రొత్తది కాదు. ఒడిశాలో తరతరములుగా నివసించు మనకు పూరీ జగన్నాథుని అనవసరకాలము తెలియనిది కాదు. జ్యేష్ఠ పూర్ణిమనాడు స్నానయాత్ర జరిగిన పిమ్మట స్వామికి జ్వరము వచ్చినదని సుమారు పదునైదు దినములు దర్శనము నిలిపివేయుదురు. ఎంత దూరమునుండి వచ్చినవారైనను, ఎంతటివారైనను ఆ దినములలో మూలమూర్తులను చూడజాలరు. పెక్కుమంది బ్రహ్మగిరిలోని అలర్‌నాథుని సేవించి తృప్తి పడుదురు. రథయాత్రకు ముందు స్వామి నవయౌవన దర్శన మిచ్చును. మన పూర్వులు ఈ ఆచారములో గొప్ప సత్యమును దాచియుంచిరి. దర్శనమిచ్చువానికి కూడ అలసట కలదు; చూడబడుటయు నొక శ్రమయే. దర్శనము మన హక్కు కాదు, అవతలివారి అనుగ్రహము. దేవునికే విశ్రాంతి కావలసియుండగా, బియ్యపుగింజంత పురుగునకు అక్కరలేదా?

ఇట్టి విశ్రాంతివలన ఫలమున్నదా యనినచో, థాయిలాండులోని మాయాబే అను సముద్రపుపాయ కథ వినదగినది. 2000లో వచ్చిన ఒక ఆంగ్ల చలనచిత్రమువలన దాని పేరు లోకమంతట మ్రోగినది. దినమునకు వేలకొలది యాత్రికులు పడవలలో దిగి, పగడములు చాలభాగము నశించెను. 2018 జూనులో ఆ ప్రభుత్వము దానిని మూసివేసెను. ఆదాయము పోవునని పలువురు మొరపెట్టిరి. మూడున్నర యేండ్లు గడచి 2022 జనవరిలో మరల తెరచునాటికి, పోయిన సొరచేపలు తిరిగి వచ్చియుండెను. ఇప్పుడు పడవలు పాయలోనికి రాకూడదు. వచ్చువారికి సంఖ్యానియమము కలదు. వాకిలి మూయగలవానికే దానిని తెరచు గౌరవము దక్కును.

ఇంతవరకు చేపలను, పగడములను గూర్చి చెప్పితిమి. అండమానులోనే ఇంకొక చూపు కలదు. దానిని గూర్చి చెప్పకున్న ఈ విచారము పూర్తి కాదు. ఆ దీవులలో వేలకొలది సంవత్సరములుగా నివసించుచున్న ఆదిమ జాతులలో జారవాలొకరు. వారి అడవి నడుమగా పెద్ద రహదారి వేయబడినది. 1956 నాటి నిబంధనచే వారి ప్రదేశము రక్షింపబడినదైనను, రహదారిపై పోవు యాత్రికులలో కొందరు వారిని చూచుటకే పోవుచుండిరి. 2012 జనవరిలో, జారవా స్త్రీలను ఆహారపు ఆశ చూపి నృత్యము చేయించుచున్న దృశ్యములు బయటపడి దేశమంతట అలజడి పుట్టెను. ఆ చూచినవారు ఎవ్వరిని కొట్టలేదు, ఏమియు దొంగిలింపలేదు. చూచిరి, అంతియే. అయినను అది ఘోరమని వినినవారందరి మనస్సు చెప్పినది. కాబట్టి చూచుటలోనే పాపము ఉండవచ్చునని తేలినది గదా! చేపకు మన చూపు సిగ్గు కలిగింపదు. మనుష్యునకు కలిగించును. తన ఇంటిలో తానున్నవానిని వింతగా మార్చు చూపు, ముట్టకుండగనే హింసించును.

ఈ సంగతి మన కుటుంబములకు విశేషించి చెప్పనక్కరలేదు. గంజాము ప్రాంతము 1936 ఏప్రిలు 1 వరకు మద్రాసు రాజధానిలో నుండెను. ఆ దినమున ఒడిశా రాష్ట్రము ఏర్పడినది. బరంపురములోని మన తాతలు ఇల్లు కదలలేదు, సరిహద్దు కదలినది. ఒక్క రాత్రిలో ఇంటివారు పొరుగువారైరి. అప్పటినుండి మన మాటతీరును, మన పెండ్లితంతును వింతగా చూచు చూపులు అప్పుడప్పుడు తగులుచునేయున్నవి. ఆదరముతో అడిగి తెలిసికొనువారును అంతకంటె ఎక్కువగానే యున్నారు. మన బిడ్డల చదువులలో, శుభకార్యములలో చేయందించిన ఒడియా పొరుగువారు మనలో ఎవరికి లేరు? ఈ రెండు చూపులకు గల భేదమును మనము గ్రంథములలో చదువలేదు, అనుభవించి యెరుగుదుము. ఒకటి మనలను వస్తువును చేయును. ఒకటి మనలను మనుష్యులుగా నిలుపును. చూపు అట్లు రెండు విధములని తెలిసినవారము, మనము చూడబోవునప్పుడు దేనిని వెంట తీసికొనిపోవుచున్నామో విచారించుకొనుట మన విధి.

మరియొక విషయము. పగడమునకు పరమశత్రువు యాత్రికుని కాలు కాదు, సముద్రపు వేడి. వేసవి గరిష్ఠముకంటె నీటివేడి ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారములు నిలిచినచో, పురుగు తనలోని నాచును వెళ్ళగొట్టును. అన్నము పెట్టు బంధువు పోగా ఇల్లు తెల్లబారును. వేడి త్వరగా తగ్గిన నాచు మరల చేరవచ్చును. తగ్గకున్న పురుగు ఆకలితో చచ్చును. అండమాను దిబ్బలు 1998లోను, 2010లోను, 2016లోను ఇట్లు తెల్లబారినవి. 2023 మొదలు లోకమంతట నాల్గవమారు ఈ విపత్తు వ్యాపించినది. ఆ వేడి పుట్టినది దీవులలో కాదు. ఊరూర మండు బొగ్గునుండి, నూనెనుండి పుట్టినది. దీవిలో కాలు మోపకుండ జాగ్రత్తపడి, ఇంటికి వచ్చి అక్కరలేని దీపములు వెలిగించువాడు, గుడిలో చెప్పులు విడిచి వీథిలో ధర్మమును విడిచినవానివంటివాడు. అతిథిమర్యాద అతిథ్యమిచ్చినవారి గుమ్మము దాటుటతో ముగియదు.

ఇంతకును ఈ ప్రశ్న దూరపు దీవులది మాత్రమే కాదు. మన గంజాము తీరముననే ఋషికుల్య సముద్రములో కలియుచోట, అనుకూలించిన యేడులలో లక్షలకొలది తాబేళ్ళు రాత్రివేళ గట్టెక్కి గ్రుడ్లు పెట్టును. 1994లో శాస్త్రజ్ఞులు ఈ స్థలమును గుర్తించిరి. నెలన్నర దాటిన పిమ్మట పిల్లలు ఇసుకనుండి వెలువడి, సముద్రపు వెలుగును గుర్తుపట్టి అటు పరుగిడును. ఒడ్డున దీపములున్నచో దారి తప్పి ఊరివైపు ప్రాకి చచ్చును. ఆ తాబేళ్ళకొరకు నవంబరు మొదలు మే వరకు ఆ తీరమున 20 కిలోమీటర్ల మేర వేట నిషేధింపబడుచున్నది. ఆ నిషేధమువలన నష్టపడువారు పల్లెకారులు. వారిలో తెలుగు మాటలాడువారును కలరు. అనగా ఆకలి వారిది, వినోదము మనది. అట్టిచోటికి పిల్లలను వెంటబెట్టుకొని, చేత దీపములు పట్టుకొని, తాబేటి వీపుపై చేయి వేసి ఛాయాచిత్రములు తీయించుకొనబోవువారిని ప్రతి యేడును చూచుచున్నాము.

కావున ఈ యేడు ఋషికుల్య తీరమునకు పోదలచిన కుటుంబములకు మా మనవి. అటవీశాఖవారు వలదన్ననాడు పోవలదు. పొమ్మన్ననాడు వారు చూపిన దూరమున నిలువుడు. దీపములు ఆర్పివేయుడు. దేనిని ముట్టవలదు, దేనిని తేవలదు. అచ్చటి పల్లెకారులతో రెండు మాటలు మాటలాడి, వేట లేని నెలలలో ఇల్లు ఎట్లు గడచుచున్నదో అడుగుడు. వారియొద్ద కొనదగినదేదైన నున్నచో బేరమాడక కొనుడు. పిల్లలకు, అది మన తీరమైనను ఆ రాత్రి అది తాబేళ్ళ ఇల్లనియు, మనము పిలువని అతిథులమనియు చెప్పుడు. చీకటిలో వారికి అంతగా కనబడకపోవచ్చును. చూడకయే ఒకదానిని గౌరవించుట చిన్ననాటనే అలవడినచో, పెద్దవారైన పిమ్మట వారెచ్చట చూచినను వారి చూపు ఎవ్వరికిని భారము కాదు.